మన గుండ్ల పేర్లు ఎవరు రాసుకోవాలి?

సంపాదకుల గారికి నమస్కారం.

మా అమ్మాయి గ్లాస్గోలో చదువుతోంది. మొన్న సెలవుల్లో స్కాట్లాండ్ పడమటి తీరానికి వెళ్లి అక్కడి మ్యాపు ఒకటి ఫొటో తీసి పంపింది. అంతా రాతి ఒడ్డే, ఊరు లేదు, రోడ్డు లేదు, కానీ చిన్న చిన్న రాళ్లకు కూడా పేర్లున్నాయి, అవీ అక్కడి పాత భాష గేలిక్‌లో. 'స్కెర్' అంటే సముద్రంలోంచి తలెత్తే రాయి. నీళ్ల కిందే దాక్కుని, పైన అల విరిగితే తప్ప జాడ తెలియని రాయికి ఇంకో మాట ఉంది. 'స్కెర్ నన్ స్కరవ్' అంటే నీటికాకుల రాయి. పడవ నడిపేవాడికి ఇవి తెలియకపోతే ప్రాణం మీదికొస్తుంది మరి.

19వ శతాబ్దంలో బ్రిటన్ మ్యాపులు గీసే ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్లు ఆ తీరాన్ని కొలిచినప్పుడు నేమ్ బుక్స్ అని రాసిపెట్టారు. పేరు ఎలా రాయాలి, అది ఎక్కడుంది, చెప్పిందెవరు, అన్నిటికీ గళ్లు కొట్టి మరీ. గేలిక్ రాక కొన్ని పేర్లు పాడుచేశారనుకోండి, అయినా చెప్పినవాళ్లను కూడా రాసుకున్నారు చూడండి, అది నాకు నచ్చింది. 2011 జనాభా లెక్కల్లో స్కాట్లాండ్‌లో ఆ భాష మాట్లాడగలిగేవాళ్లు 57 వేల మందే, మన కూకట్‌పల్లిలో ఓ మూలకు సరిపోరు.

ఇక మన సంగతి. హైదరాబాద్ గుండ్లకు 250 కోట్ల ఏళ్లు. 1996లో మొదలైన సొసైటీ టు సేవ్ రాక్స్ లాంటి వాళ్లు పోరాడబట్టి కొన్నయినా వారసత్వ జాబితాకెక్కాయి, వాళ్లకు దండం పెట్టాలి. కానీ ఆ పేర్లు చదవండి: బేర్స్ నోస్, మాన్‌స్టర్ రాక్, ఒబెలిస్క్, సెంట్రల్ యూనివర్సిటీలో మష్రూమ్ రాక్. వందల ఏళ్లు ఆ నీడన గొర్లు మేపినవాళ్లు వాటిని ఏమీ అనకుండానే ఉన్నారా? గోల్కొండ అంటేనే గొల్లకొండ అని చెప్పుకునే ఊరు కదా ఇది! గుట్టల బేగంపేట, రాళ్లగూడ అని ఊళ్ల పేర్లయితే మిగిలాయి.

మా పెదనాయన చిన్నప్పుడు రాయదుర్గం వైపు గొర్లు కాశాడు. ఆయనకు బండ వేరు, గుండు వేరు, పరుపుబండ వేరు, వాననీళ్లు నిలిచే దొన వేరు. పాత ఫొటో ఒకటి చూపిస్తే కళ్లద్దాలు పైకి నెట్టి, "ఇది తొట్టెలగుండురా, ఊగుతదని మేం నూకి చూసేటోళ్లం" అన్నాడు. ఇప్పుడక్కడ ఒక పెద్ద బిల్డింగ్ సెల్లార్ ఉంది. పక్కనున్నది 'ముసల్దాని మూట' అట. ఆ పేరెందుకొచ్చిందో గంటసేపు చెప్పాడు, సగంలో నా ఫోన్ చార్జింగ్ అయిపోయింది, మళ్లీ అడిగితే కథ ఇంకోలా చెప్పాడు, అది వేరే విషయం.

నేను అడిగేదొకటే. ఆదివారం సంచికలో ఓ చిన్న గడి పెట్టి, గుట్టలు తెలిసిన పాతవాళ్ల నోటి పేర్లు పంపమని పాఠకులను అడగండి. ఫొటో, ఫోన్‌లో పెట్టిన లొకేషన్, చెప్పినవారి పేరు, వీలైతే వాళ్ల గొంతు రికార్డింగ్. తెలుగే కావాలని కాదు, నౌబత్ పహాడ్ అన్నా, లంబాడీలో ఇంకేదన్నా, అన్నది అన్నట్టే రాయాలి, మనం సరిదిద్దకూడదు. రాయి పోయినా సరే, అది ఎక్కడుండేదో రాయాలి.

మోకాళ్ల నొప్పులతో పెదనాయన గుట్ట ఎక్కలేడు కానీ ఫొటోలు చూసి గుర్తుపడుతున్నాడు. ఇప్పటికి 11 పేర్లయ్యాయి. మీరు సరేనంటే ముందు అవే పంపుతాను.

- ఒక పాఠకుడు, రాయదుర్గం, హైదరాబాద్