తాతయ్యకు, స్తంభం మీది గీత గురించి

కైజర్స్‌లాటర్న్, జర్మనీ
9 నవంబరు 2025

తాతయ్యకు,

మీ మనవరాలు నమస్కరించి రాయునది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటిన రాత్రి మీకు ఫోన్ కలవక తెల్లారేదాకా టెన్షన్‌తో కూర్చున్నాను. మర్నాడు అమ్మమ్మ గొంతు విన్నాకే అన్నం సయించింది. పశువుల పాక మీద రేకులు మళ్లీ వేయించారా?

ఫోన్లో చెబితే తెగే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను. మీ వల్లే కావలసిన పని ఒకటుంది.

నేనేం చేస్తున్నానని మీరు అడిగినప్పుడల్లా "కంప్యూటర్లో బొమ్మలు" అని ఊరుకున్నాను. మీకు అంతకంటే మంచి జవాబు చెప్పాల్సింది. ఉపగ్రహాలు కొలిచి పంపే అంకెలు కోట్లలో ఉంటాయి. అంకెలుగా చూస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. వాటికి ఆకారం ఇచ్చి ఎక్కడ పల్లం, ఎక్కడ మెరక, నీరు ఎటు పోతుంది అన్నది కంటికి కనపడేలా చేయడం మా పని. ఇక్కడివాళ్లం, బెంగళూరువాళ్లు, అమెరికావాళ్లు కలిసి చేస్తున్నాం. ఈ ఏడు గోదావరి డెల్టా తీసుకుందామని నేనే పట్టుబట్టాను.

పోయిన నెల మీటింగులో మొదటి బొమ్మ తెర మీద వేశారు. ధవళేశ్వరం నుంచి గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలన్నీ ఎంత ముచ్చటగా ఉన్నాయో! వరద నీరు వదిలి చూపించారు. నీరు మన లంక దాకా వచ్చి, రెండుగా చీలి, పక్క నుంచి వెళ్లిపోయింది. మన లంక మాత్రం పొడిగా, ఎత్తుగా, పచ్చగా నిలబడి ఉంది. అందరూ బాగుందన్నారు. నా గుండె ఝల్లుమంది. 86 వరదలో అమ్మమ్మ రెండు రాత్రులు అటక మీద కూర్చున్న ఇల్లు అది.

"ఇది తప్పు, ఇక్కడ నీళ్లు పీకల దాకా వచ్చాయి" అన్నాను. రుజువేమిటని అడిగారు. అడగడం న్యాయమే.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత దొరికింది. ఆ బొమ్మలో వాడిన నేల ఎత్తులు 2000 ఫిబ్రవరిలో అమెరికా స్పేస్ షటిల్ పదకొండు రోజులు భూమి చుట్టూ తిరిగి రాడార్‌తో కొలిచినవి. జర్మనీ, ఇటలీ కూడా అందులో చేయి కలిపాయి. ఆ రాడార్ అల పొడవు 5.6 సెంటీమీటర్లు. అంత చిన్న అల ఆకుల్ని దాటుకుని నేల దాకా సరిగా దిగదు. అంటే అది కొలిచింది మన నేలను కాదు తాతయ్యా, మన కొబ్బరి మట్టల్ని. తోటలు ఎంత దట్టంగా ఉంటే ఊరు అంత ఎత్తులో ఉన్నట్టు కనిపిస్తుంది. కోనసీమ మొత్తం గుట్టలమయం అయిపోయింది! 2018లో ఎగిరిన ఐస్‌శాట్-2 ఉపగ్రహం లేజర్ వెలుగు పంపుతుంది. మట్టల సందుల్లోంచి కొంత వెలుగు నేలను తాకి తిరిగి వెళ్తుంది. దాంతో చెట్ల ఎత్తు చాలావరకు తీసేస్తున్నాం. కానీ అది అన్నిచోట్లా కొలవదు, తను వెళ్లే దారి వెంబడే కొలుస్తుంది.

రెండో చిక్కు గట్లది. కొలిచిన చుక్కల్ని గీతలతో కలిపి, నేలంతా వల పరిచినట్టు త్రిభుజాలుగా చేస్తాం. 1934లో దెలోనే అనే రష్యా గణితవేత్త చెప్పిన పద్ధతి ఉంది: త్రిభుజం మూడు మూలల గుండా సున్నా చుడితే ఆ సున్నా లోపల ఇంకో చుక్క ఉండకూడదు. అలా చేస్తే సూదుల్లాంటి సన్నటి త్రిభుజాలు వీలైనంత తగ్గుతాయి. చక్కటి నియమమే, కానీ దానికి ఏటిగట్టు తెలియదు. గట్టుకు ఇవతల చుక్కను అవతల చుక్కతో కలిపేస్తే మధ్యలో గట్టు మాయం. బొమ్మలో నీరు తిన్నగా ఊళ్లోకి వచ్చేస్తుంది. అందుకని గట్టు తల వెంబడి ముందే గీత గీసి, ఏ త్రిభుజమూ దాన్ని దాటకూడదని కట్టడి పెడతాం. ఆ గీత ఎక్కడ గీయాలో, ఎక్కడ గట్టు కుంగిందో పైనుంచి సరిగా కనపడదు. గట్లూ కాలువలూ కనిపెట్టుకునే లస్కరుగా రోజూ దాని మీద నడిచిన మీకు తెలుసు.

చిన్న చిన్న గుంటల్ని కొలతల్లో పొరపాట్లనుకుని కంప్యూటర్ చదును చేసేస్తుంది కూడా. కొండలున్న చోట అది సబబే. మన దగ్గర అలా చేస్తే మురుగు కోడు పూడిపోతుంది. కోడు పూడితే సార్వా ఏమవుతుందో నేను మీకు చెప్పాలా?

ఇక అసలు పని. అరుగు మీది ఎడమ స్తంభానికి మీరు మేకుతో గీసిన 86 గీత, దాని కింద 2022 జూలై గీత ఉన్నాయి కదా. భద్రాచలం దగ్గర 86లో 75.6 అడుగులు, 2022లో 71.3 అడుగులు అని రికార్డులో ఉంది. మన ఊళ్లో ఎంతన్నది ఆ స్తంభం మీద తప్ప ఎక్కడా లేదు. ఇల్లు బాగు చేయించేటప్పుడు దాని మీద సున్నం వేయనివ్వకండి.

గట్టు మీద ఎత్తు అంకె చెక్కిన బెంచ్ మార్కు రాయి ఇంకా కదలకుండా ఉంటే, తాపీమేస్త్రిని పిలిచి, లెవెల్ గొట్టంలో నీళ్లు పోసి, ఆ రాయి దగ్గర నుంచి స్తంభం దాకా మట్టం తెప్పించండి. గొట్టంలో గాలి బుడగ లేకుండా చూడమనండి. రాయి మీది అంకె, రాయికీ అరుగుకీ మధ్య తేడా, అరుగు మీద నుంచి ఒక్కో గీత ఎత్తు, మూడూ సెంటీమీటర్లలో కావాలి. గట్టు కుంగిన చోట్లు కూడా చేత్తో పటం గీయండి. మీరు లాకుల దగ్గర గేజీ పుస్తకంలో రాసిన చేతిరాతతోనే రాయండి. తమ్ముడు ఫోటో తీసి పంపుతాడు.

డిసెంబరు మొదటి వారంలో మా తరువాతి మీటింగు. మేస్త్రి కూలీ డబ్బులు తమ్ముడికి వేశాను. మీరు గట్టు మీదకి ఒంటరిగా వెళ్లకండి, వాన పడితే జారుతుంది.

అమ్మమ్మకు నమస్కారాలు.

మీ మనవరాలు
బుజ్జి