సద్దుల రాత్రి ఫ్యూజు మాడింది, నా డీజే డబ్బాలు అమ్ముడుపోయాయి

మన కాలనీ అక్కలకు, అన్నలకు, పెద్దమ్మలకు నమస్తే. హన్మకొండలో మీ టెంట్ హౌస్ నుంచి రాస్తున్నా. సద్దుల బతుకమ్మ రోజు రాత్రి ఎనిమిదింపావుకు మన గ్రౌండ్‌లో లైట్లు, మైకు ఒకేసారి పోయాయి. తొమ్మిదీ ఐదుకు గానీ తిరిగి రాలేదు. ఆ యాభై నిమిషాలు నేనెక్కడ ఉన్నానని చాలామంది అడిగారు. కొందరు నన్నే అడిగారు. కొందరు మా ఆవిడను కూరగాయల బండి దగ్గర అడిగారు. నన్నే అడిగినవాళ్లకు అప్పుడే చెప్పాను. ఇది రెండో రకం వాళ్ల కోసం రాస్తున్నది.

పదకొండేళ్లుగా ఈ గ్రౌండ్‌కు సామాను నాదే. ఎంగిలిపూల రోజు వేయిస్తంభాల గుడికి వెళ్లాలనీ, సద్దుల రోజు పద్మాక్షి గుట్టకు వెళ్లాలనీ అందరికీ ఉంటుంది. కానీ చంటిపిల్లలతో, మోకాళ్ల నొప్పులతో ఆ రద్దీలోకి వెళ్లలేని వాళ్ల కోసమే కమిటీ వాళ్లు ఇక్కడ మొదలుపెట్టారు. మొదటి ఏడాది రెండు ట్యూబ్‌లైట్లు, ఒక మైకు హారను, నాలుగు జంపకానాలు. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయ్యాక ఊరంతా హంగు పెరిగింది, మన దగ్గరా పెరిగింది. ఆర్చీ వచ్చింది, స్టేజీ వచ్చింది, ఆ వెనకే నా డీజే వచ్చింది.

ముందు జనరేటర్ సంగతి చెప్పాలి. ఎందుకంటే ఆ కోపం ఇంకా తగ్గలేదు.

నాకు సొంత జనరేటర్ లేదు. ఇన్నేళ్లూ ఒకాయన దగ్గరే కిరాయికి తెచ్చేవాణ్ణి. పేరు చెప్పను. ఆయన కూతురి పెళ్లికి షామియానా నేనే వేశాను, సైడు పరదాలకు డబ్బులు కూడా తీసుకోలేదు. ఈ ఏడాది అట్ల బతుకమ్మ రోజే వెళ్లి రెండు వేలు అడ్వాన్సు ఇచ్చి, సద్దుల రోజు సాయంత్రం ఐదింటికల్లా బండి గ్రౌండ్‌లో ఉండాలని చెప్పాను. "నువ్వు చెప్పాలా తమ్మీ" అన్నాడు. ఆ రోజు ఐదయింది, రాలేదు. ఐదున్నరకు ఫోన్ చేస్తే దారిలో ఉందన్నాడు. ఆరింటికి టైరు పంక్చరన్నాడు. ఆరున్నర తర్వాత ఎత్తడం మానేశాడు. పంక్చర్ వేయడానికి ఎంతసేపు పడుతుందో నాకూ తెలుసు, నేనూ ట్రాలీ నడిపినవాణ్ణే.

కరెంటు పోగానే నేను చేసిన పని స్కూటరెక్కి ఆయన్ను వెతుక్కుంటూ వెళ్లడం. అది తప్పే. ముందు లైన్‌మన్‌కు నేనే ఫోన్ చేయాల్సింది. ఆ పని మా కుర్రాడు చేశాడు. నేను మాత్రం హంటర్ రోడ్డు దాకా వెళ్లాను. అక్కడ ఒక ఫంక్షన్ హాలు బయట, గోడ పక్కన, నేను అడ్వాన్సిచ్చిన జనరేటర్ డుబ్‌డుబ్‌మని నడుస్తోంది. దాని మూత మీద సొట్ట నాకు గుర్తే, రెండేళ్ల కింద మా కుర్రాడి చేతిలో పడిందే. ఆ డ్రైవరు నన్ను చూసి తల దించుకున్నాడు. వాడినేమంటాం. ఎవరో ఎక్కువ ఇచ్చారు, బండి అటు పోయింది. మర్నాడు పొద్దున నా రెండు వేలు ఫోన్‌పేలో తిరిగొచ్చాయి. ఒక్క మాట లేదు, ఫోన్ లేదు. ఆ డబ్బు ఉంచుకున్నా నాకు అంత కష్టం అనిపించేది కాదు.

ఎనిమిదీ యాభైకి తిరిగొచ్చి గేటు దగ్గర స్కూటర్ ఆపాను. జనం వెళ్లిపోయి ఉంటారనుకున్నా. వెళ్లలేదు. అష్టమి చంద్రుడు ఉన్నాడు, చుట్టూ డాబాల మీది లైట్లు కొంచెం పడుతున్నాయి, పిల్లలు ఫోన్ల టార్చీలు పట్టుకుని నిలబడ్డారు. మధ్యలో బతుకమ్మలు, చుట్టూ రెండు వరుసలుగా ఆడవాళ్లు, చప్పట్లు, పాట. తంగేడు పసుపు, గునుగు తెలుపు మాత్రం కనపడుతున్నాయి, మొహాలు కనపడడం లేదు. మూడో గల్లీ పెద్దమ్మ ఎత్తుకుంటే మిగతావాళ్లు ఉయ్యాలో అని అందుకుంటున్నారు. పదకొండేళ్లలో ఆమె పాడగా నేను వినలేదు. వినలేదంటే, నా మైకు, డీజే స్పీకర్ డబ్బాల పక్కన ఎవరి గొంతూ ఎవరికీ వినపడేది కాదు మరి.

తొమ్మిదీ ఐదుకు లైన్‌మన్ కొత్త ఫ్యూజు వేసి కరెంటు ఇచ్చేసరికి, బతుకమ్మలు ఎత్తుకుని అందరూ వడ్డేపల్లి చెరువు దారి పట్టారు. గ్రౌండ్‌లో మిగిలింది నేను, ఇద్దరు కుర్రాళ్లు, రెండు వందల కుర్చీలు. పెన్‌డ్రైవ్‌లో పాట మళ్లీ మొదటి నుంచి అందుకుని ఆ ఖాళీ కుర్చీల ముందు దద్దరిల్లింది. ఎవరూ నవ్వలేదు గానీ, నాకు మాత్రం ఊరంతా నవ్వుతున్నట్టే అనిపించింది.

చెరువు దగ్గర పెద్దమ్మ కనపడి, మలీద ముద్ద చేతిలో పెట్టి అన్నది, "నయమే అయింది బిడ్డా, ఇయ్యాల పాట కడదాక పాడినం." మెచ్చుకున్నదో తిట్టిందో నాకు రెండు రోజులు అర్థం కాలేదు. డీజేలో ఒక్కో పాట నాలుగు నిమిషాలకు ఆగి ఇంకోటి మొదలవుతుంది. ఆమెకు వచ్చిన పాటలు అంత తొందరగా అయిపోవు. అంత మాత్రమే అన్నది, ఇంకేం అనలేదు. చెరువు కట్ట మీద కార్పొరేషన్ వాళ్లు పెట్టిన లైట్లు మాత్రం ఒక్కటీ ఆరలేదు. వాళ్ల పనిని ఏటా వెక్కిరించేది నేనే.

ఇక నా తప్పు. రెండు రోజులు అందరికీ జనరేటర్ ఆయన కథే చెప్పాను. కరెంటాఫీసు వాళ్లను కూడా రెండు మాటలన్నాను. మూడో రోజు మా ఎలక్ట్రీషియన్ కుర్రాడు కాగితం ముందేసుకుని లెక్క చెప్పాడు. వంద వాట్ల ఫోకస్ లైట్లు ఇరవై నాలుగు, అంటే రెండు వేల నాలుగొందలు. ఆర్చీ, సీరియల్ సెట్లు కలిపి ఆరొందలు. డీజే యాంప్లిఫయర్లు అన్నీ కలిపి దగ్గర దగ్గర ఐదు వేలు. మొత్తం ఎనిమిది కిలోవాట్లు. టెంపరరీ కనెక్షన్‌కు నేను డబ్బు కట్టింది ఐదు కిలోవాట్లకు. ఏటా డీజే జనరేటర్ మీద నడిచేది కాబట్టి సరిపోయేది. ఈసారి అది రాకపోయేసరికి, ఏమవుతుందిలే అని ఏడుంబావుకు డీజేను కూడా మీటరుకే తగిలించాను. గంట ఓర్చింది. తర్వాత ఫ్యూజు మాడింది, దాంతో పాటు సర్వీసు వైరు కొస కూడా కరిగింది. ఆ పక్కనే పిల్లలు ఆడుకుంటున్నారు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు. డీజే ఆపేసి ఒక మైకుతో నడిపించి ఉంటే లైట్లు పోయేవే కావు. ఆపితే "టెంట్ హౌస్ వాడి దగ్గర జనరేటర్ కూడా లేదు" అంటారని ఆపలేదు.

కమిటీకి లైట్లు, మైకు కిరాయి మొత్తం వాపసు ఇచ్చాను. సగం చాలన్నారు. నేను ఒప్పుకోలేదు. పని చేయని దానికి సగం డబ్బు తీసుకుంటే వచ్చే ఏడాది ఆ సగం మాటే చెప్పుకుంటారు. షామియానా, కుర్చీల డబ్బు మాత్రం తీసుకున్నాను. అవి ఎక్కడికీ పోలేదు కదా.

అసలు రాయాల్సింది ఇప్పుడొస్తుంది. నా డీజే సెట్టు అమ్మేశాను.

మూడేళ్ల కింద నాలుగు లక్షల ఎనభై వేలు పెట్టి కొన్నాను. నాలుగు బేస్‌లు, నాలుగు టాప్‌లు, యాంప్లిఫయర్లు, మిక్సర్, ర్యాక్. అందులో మూడు లక్షలు అప్పు. కొన్న రోజు కొబ్బరికాయ కొట్టి షాపు ముందు వాయిస్తే గల్లీ పిల్లలంతా వచ్చి ఎగిరారు. షామియానా వేసేవాడిని ఎవరూ పేరు పెట్టి పిలవరు. డీజే ఉన్నవాణ్ణి అందరూ పిలుస్తారు. వినాయక నిమజ్జనం సీజన్‌లో నాకు ఏడాది కుర్చీల మీద వచ్చేంత పదకొండు రోజుల్లో వచ్చేది. దాన్ని వదులుకోవడమంటే మాటలా?

పన్నెండు రాత్రులు ఆలోచించాను. మా ఆవిడ మొదటి రోజే అమ్మేయమంది. ఆ డబ్బాలు ఇంట్లోకి వచ్చినప్పటి నుంచీ ఆమెకు పడవు, ఎందుకంటే వాటి కోసం బియ్యం బస్తాలు పెట్టే గది ఖాళీ చేయించాను. మా తమ్ముడు వద్దన్నాడు, "ఒక్క రాత్రి ఫ్యూజు పోయిందని బండి అమ్ముకుంటారా" అన్నాడు. వాడి మాటలోనూ న్యాయముంది. ఇంకో జనరేటర్ మాట్లాడుకుంటే పోయేదే. కొందరు పోలీసుల భయమని అంటున్నారు, 2024లో హైదరాబాద్‌లో ఊరేగింపుల్లో డీజేలు నిషేధించారు కదా, రేపు ఇక్కడా వస్తుందని అమ్ముకున్నాడని. అది కాదు. భయపడేవాణ్ణయితే మొదట్లోనే కొనకపోదును.

రూల్సు నాకు కొత్త కాదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరింటి దాకా లౌడ్‌స్పీకర్లు వద్దని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య రూల్స్‌లోనే ఉంది. ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. ఆస్పత్రికి వంద మీటర్ల లోపల అయితే ఇంకా తక్కువ. పోయిన వినాయక చవితికి నర్సింగ్ హోమ్ ముందు నుంచి వెళ్తూ సరదాకు ఫోన్‌లో యాప్ పెట్టి చూశాను, తొంభై దాటింది. ఆయా బయటికి వచ్చి చేతులెత్తి దండం పెట్టింది. కుర్రాళ్లు అది డ్యాన్స్ అనుకుని ఇంకా ఎగిరారు. నేను సౌండు కొంచెం తగ్గించి, మలుపు తిరగగానే మళ్లీ పెంచాను. దానికి కూడా క్షమాపణ చెప్పాలి, చెబుతున్నాను.

కానీ నిజం చెప్పాలంటే ఇవేవీ కారణం కాదు. పెద్దమ్మ మాట గుచ్చుకుంది. నా పని బాగున్నదని పదకొండేళ్లు అనుకున్నాను. నా పని ఆగిపోయిన రాత్రే బాగున్నదని నాలుగు గల్లీల ఆడవాళ్లు అంటున్నారు. వచ్చే ఏడాది అదే డబ్బాలు పెట్టుకుని వాళ్ల ముందు ఎలా నిలబడాలి? ఇది రోషమే అనుకోండి. ఆరో రోజు అలిగిన బతుకమ్మకు అలిగే హక్కున్నప్పుడు టెంట్ హౌస్ వాడికి ఉండదా ఏం.

జనగామ వైపు ఒకాయన రెండు లక్షల డెబ్బై వేలకు తీసుకెళ్లాడు. అందులో లక్షా అరవై ఐదు వేలు పెట్టి సెకండ్ హ్యాండ్ జనరేటర్ కొన్నాను, పదిహేను కేవీఏ. మన గ్రౌండ్ లైట్లకు, మైకుకు అది చాలా ఎక్కువే, పెళ్లిళ్లలో కూలర్లకూ పనికొస్తుందని తీసుకున్నా. కరెంటు నుంచి జనరేటర్‌కు మార్చే ఛేంజోవర్ స్విచ్ కొత్తది పెట్టించాను. కరెంటు పోతే రెండు నిమిషాల్లో లైట్లు వస్తాయి. అనుమానమున్నవాళ్లు షాపుకు రండి, స్టార్ట్ చేసి చూపిస్తా. మిగిలిన డబ్బు అప్పుకు కట్టాను. ఇంకా పద్నాలుగు కిస్తీలున్నాయి. లేని డబ్బాలకు కిస్తీలు కట్టడం ఎలా ఉంటుందో అడగొద్దు.

నిమజ్జనానికి ఇప్పుడే ఐదు వేలు అడ్వాన్సిచ్చిన యూత్ తమ్ముళ్లకు డబ్బు తిరిగి ఇచ్చేశాను. కోపంగా ఉన్నారు. మంటపం, లైట్లు, రెండు హారన్లు, డప్పులవాళ్లను మాట్లాడిపెట్టడం నా పని. బేస్ కావాలంటే జనగామ వెళ్లి నా డబ్బాలే కిరాయికి తెచ్చుకోవచ్చు, నేను అడ్రస్ కూడా ఇస్తా.

ఇంకో మార్పు. ఇన్నేళ్లూ కార్పొరేషన్ డివిజన్ ఆఫీసు పనులు కూడా నేనే తిరిగి చేయించేవాణ్ణి. గ్రౌండ్ చదును, మొరం, బ్లీచింగ్, చెత్త ట్రాక్టరు, నీళ్ల ట్యాంకరు. ఎవరూ నన్ను చేయమనలేదు, నేనే మీదేసుకున్నాను. ట్యాంకరు రాకపోతే మాట పడేది మాత్రం నేనే. ఇక దరఖాస్తు కమిటీ పేరు మీదే వెళ్లాలి, కనీసం పదిహేను రోజుల ముందు. సామాను ఇచ్చేవాడు అడిగితే వాడి వ్యాపారం కోసం అనుకుంటారు, ఉండేవాళ్లు అడిగితే లెక్క వేరు. గ్రౌండ్ మూలన స్తంభానికి లైటు కోసం రెండేళ్లు నేను నోటితో అడిగి అలిసిపోయాను. కమిటీ అక్కలు ముగ్గురు ఒక సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి కాగితం పట్టుకుపోయారు, నెల తిరక్కుండా వచ్చింది. కార్పొరేషన్ శానిటేషన్ జవాను మంచివాడే, పండుగ మర్నాడు తెల్లారి ఐదింటికి వచ్చి పూలన్నీ ఎత్తించాడు. వచ్చే ఏడాది ఆయనకూ ఒక సద్ది గిన్నె పంపండి.

మిగతావన్నీ ఎప్పటిలాగే. కిరాయిలు పెంచలేదు. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు 2022 జులై నుంచే నా దగ్గర లేవు, అడగొద్దు, స్టీలువే ఇస్తాను. కార్తీక మాసం వనభోజనాలకు డేగిసాలు, జంపకానాలు కావాల్సినవాళ్లు ముందే చెప్పండి, ఆదివారాలు తొందరగా నిండిపోతాయి.

సద్దుల రాత్రి చీకట్లో నీలం చారల జంపకానాలు రెండు, స్టీలు గ్లాసులు నలభై దాకా ఎవరింటికో చేరాయి. తీసుకెళ్లారని అనడం లేదు, చీకట్లో కలిసిపోయి ఉంటాయి. గేటు బయట పెట్టండి చాలు, పొద్దున్నే ట్రాలీ అటే వస్తుంది.