పాత పుస్తకాన్ని చెల్లకుండా చేయడమేమిటి?

సంపాదకులకు నమస్కారం.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ కొత్త ఎడిషన్ గురించి మీ ఎన్నారై పేజీలో వచ్చిన వార్త చదివి రెండు వారాలైంది. అప్పుడే రాద్దామనుకున్నాను, ఆఫీసు టెన్షన్లో కుదరలేదు. మీరు దాన్ని వీడియో గేమ్ అని రాశారు. నలుగురైదుగురు పిల్లలు టేబుల్ చుట్టూ కూర్చుని కాగితం, పెన్సిల్, పాచికలతో కథ అల్లుకుంటూ ఆడే ఆటండీ అది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దాన్ని బయటికి తెచ్చారు. గైగాక్స్ ఊరు లేక్ జెనీవా, మేముండే మిల్వాకీకి కారులో గంట దూరం. వారం మొత్తంలో మా అబ్బాయి ఫోన్ పక్కన పెట్టి మూడు గంటలు కదలకుండా కూర్చునేది ఈ ఆట దగ్గరే. అందుకే ఆ మాట చూసి మనసు చివుక్కుమంది.

పిల్లలకు పండగే అని కూడా రాశారు. ఖర్చు సంగతి మాత్రం రాయలేదు. 2014 నాటి ఐదో ఎడిషన్‌ను సవరించి 2024 సెప్టెంబరులో ఆటగాళ్ల పుస్తకం, నవంబరులో ఆట నడిపేవారి పుస్తకం, 2025 ఫిబ్రవరిలో రాక్షసుల పుస్తకం వేశారు. ఒక్కొక్కటి 50 డాలర్లు. పాతవాటితో కలిపి ఆడుకోవచ్చని కంపెనీ అంటోంది. మొన్న శనివారం లైబ్రరీలో నేను పక్కనే ఉండి చూశాను. గాయం మాన్పే మంత్రానికి మావాడి పుస్తకం ప్రకారం ఎనిమిది ముఖాల పాచిక ఒకటి వేయాలి, ఎదురుగా ఉన్న అమ్మాయి కొత్త పుస్తకం ప్రకారం రెండు వేయాలి. ఆటలో మావాడి పాత్ర హాఫ్-ఎల్ఫ్, అంటే సగం మనిషి, సగం ఎల్ఫ్ అనే కల్పిత జాతివాడు. కొత్త పుస్తకంలో అసలు హాఫ్-ఎల్ఫే లేదు. అట్ట ఊడితే టేపు వేసుకుని మూడేళ్లుగా మోస్తున్న పుస్తకాన్ని వాడు మెల్లగా మూసి బ్యాగులో పెట్టేశాడు. ఇంటికొచ్చాక కొత్తది కొనిపెట్టమని అడగను కూడా లేదు. నాకు ఎక్కువ బాధ కలిగింది అందుకే.

మార్పులన్నీ చెడ్డవని అనను. కొత్త పుస్తకంలో కావలసింది త్వరగా దొరుకుతోంది, కత్తి పట్టినవాడికి చేయడానికి నాలుగు పనులు పెరిగాయి. పదేళ్లకోసారి సవరిస్తే తప్పేం లేదు. కానీ 2024 ఆగస్టులో, ఆన్‌లైన్‌లో పుస్తకం కొనుక్కున్నవాళ్ల పాత మంత్రాలు తీసేసి వాటి చోట కొత్తవి పెట్టేస్తామని కంపెనీవాళ్లు అన్నారు. జనం గగ్గోలు పెడితే కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గారు. డబ్బు తీసుకున్నాక నా అల్మరాలో చెయ్యి పెట్టడానికి అమ్మినవాడికి హక్కెక్కడిది? ఈ ఆట నియమాలతో ఇతరులూ సొంత పుస్తకాలు వేసుకోవచ్చని 2000 నుంచి నడుస్తున్న అనుమతిని, అంటే ఓపెన్ లైసెన్స్‌ను, 2023 జనవరిలో మార్చబోయినప్పుడూ ఇదే జరిగింది. ఇవాళ పాత నియమాల్లో ముఖ్యమైన భాగాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోగలుగుతున్నారంటే, అది అప్పుడు జనం గట్టిగా అడగబట్టే.

మా లైబ్రరీవాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. పాత కాపీలన్నీ తీసి డాలర్‌కొకటి అమ్మేశారు. కొత్తవి రెండే ఉన్నాయి, వాటికి వెయిటింగ్ లిస్టు. అడిగితే కౌంటర్‌లో "పాత ఎడిషన్లు ఉంచమండీ" అన్నారు. మా పన్నులతో కొన్న పుస్తకాలు, ఒక్క పేజీ చిరగలేదు. పిల్లలు ఆడుకుంటున్న పుస్తకాలను తీసేసే ముందు ఆ పిల్లల్ని ఒక్క మాట అడగాలని ఎవరికీ తోచలేదా?

కాలేజీ పుస్తకాలకూ ఇదే జబ్బు. లెక్కల నంబర్లు అటూ ఇటూ మార్చి కొత్త ఎడిషన్ అంటారు, దాంతో సీనియర్ల పుస్తకం జూనియర్లకు పనికిరాదు. నేను విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు కొనుక్కుని చదివి ఉద్యోగం తెచ్చుకున్నవాణ్ణి. అప్పట్లో పుస్తకం నలుగురి చేతులు మారేది. ఇప్పుడు కొన్న చేతిలోనే పాతబడిపోతోంది.

ఆ డాలర్ పుస్తకాల్లో మిగిలిన రెండింటినీ నేనే కొన్నాను. వాటిని తిరిగి తీసుకుని పిల్లల టేబుల్ దగ్గర ఉంచమని లైబ్రరీకి ఉత్తరం రాశాను, ఇంతవరకు జవాబు లేదు. మీరైనా వీడియో గేమ్ అన్న మాటకు సవరణ వేయండి. అదే పేజీలో, అందరికీ కనబడేలా వేయండి.

ఇట్లు,
ఒక తెలుగు తండ్రి,
మిల్వాకీ, విస్కాన్సిన్