పెద్దాసుపత్రి రాత్రి డ్యూటీ డాక్టరమ్మకి

బాబు ఇంటికొచ్చేశాడండీ, బాగున్నాడు. ఎవరి ఫోనూ ఎత్తలేకపోయా, కళ్లు మూతలు పడుతున్నాయి కానీ ఇది రాయందే నిద్రపట్టేలా లేదు.

ఏడు నెలలోడు, మంచం మీంచి దొర్లి గచ్చు మీద పడ్డాడు, చెవి పైన మెత్తగా బొప్పి కట్టింది. మా ఊరి ప్రైవేటు ఆసుపత్రిలో మత్తిచ్చి తలకి సీటీ స్కాన్ తీయాలి ముందు డిపాజిట్ కట్టండి అన్నారు, 108లో గుంటూరు పెద్దాసుపత్రికి పోయాం.

అక్కడ క్యాజువాలిటీలో ఓ పీజీ డాక్టరమ్మ. ఎంత ఎత్తు నుంచి పడ్డాడు, వెంటనే ఏడ్చాడా, వాంతులయ్యాయా అన్నీ అడిగింది గానీ, అప్పటిదాకా అందరూ అన్న "నువ్వేం చేస్తున్నావ్" అనే మాట మాత్రం అన్లేదు. అల్ట్రాసౌండ్ మిషన్ మంచం దగ్గరికే తోసుకొచ్చి "అక్కా పాలు పట్టండి, వాడు తాగుతుంటేనే చూసేస్తా" అంది. జెల్లీ చల్లగా ఉంటుందని అరచేతుల్లో వెచ్చచేసి మరీ రాసింది. ఎముక తెల్లగీతలా కనపడింది, ఒకచోట తెగింది. పసిపిల్లలకి పుర్రె అతుకులు కూడా అలాగే ఉంటాయంట, అందుకని రెండోవైపూ పెట్టి చూసింది, అటు లేదు, అంటే సన్న పగులే. మాడు ఇంకా పూడలేదు కాబట్టి అందులోంచి లోపలికీ చూసి "రక్తం కనపడట్లేదు కానీ పుర్రె అంచున పల్చగా ఉంటే దీంట్లో దొరక్కపోవచ్చు, పగులుంది కదా, సీటీ తప్పదు" అని ఉన్నదున్నట్టు చెప్పింది. పాలు తాగి నిద్రపోయినోణ్ణి గుడ్డలో చుట్టి తనే ఎత్తుకుని పరిగెత్తింది, మత్తు లేకుండానే సీటీ అయిపోయింది. లోపల ఏం లేదు. పగులు దానంతటదే అతుక్కుంటుందంట, మళ్లీ తీసుకెళ్లి చూపించాలి.

తర్వాత వేణ్ణీళ్లలో దూది ముంచి వాడి జుట్టుకంటిన జెల్లీ అంతా తుడిచింది, జలుబు చేస్తుందక్కా అంటూ. అప్పటిదాకా కన్నీటిచుక్క రాని దాన్ని అక్కడ బావురుమన్నా. పేరు కూడా అడగలేదు.

తర్వాత తెలిసింది, మొదటి ఆసుపత్రిలోనూ అల్ట్రాసౌండ్ ఉంది, రాత్రిపూట గదికి తాళం. కడుపులో బిడ్డ లింగ నిర్ధారణ ఆపడానికి 1994లో చట్టం తెచ్చారు, మిషన్లు రిజిస్టర్ చేయాలి, మంచిదే, కాదనను. పసోడి తలకాయలో ఏం లింగం చూస్తారండీ? డిపాజిట్ కౌంటర్‌కి మాత్రం తాళం ఉండదు!

మా ఆయన, అమ్మ, అత్తయ్య ఉండనే ఉన్నారు, వాళ్లకి వేరే థ్యాంక్స్ చెప్పేదేముంది.

అయ్యో, 108 డ్రైవరన్నని మర్చిపోయా, గతుకుల్లో ఎంత మెల్లగా పోనిచ్చాడో. ఆ వేణ్ణీళ్లు పక్కమంచం పెద్దమ్మ ఫ్లాస్కులోవి. ఇంకా సీటీ దగ్గర తన వంతు మాకిచ్చేసిన మాచర్లాయన... అన్నా, మీ తమ్ముడికెలా ఉందో చెప్పండి.