చిట్టికి, కారు కాగితాల గురించి

చిట్టీ,

ఎలా ఉన్నావమ్మా? ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలు కొంచెం నయం, కాకపోతే లిఫ్టు మళ్ళీ పాడయింది, నాలుగో అంతస్తు ఎక్కి దిగడం తనకి కష్టంగా ఉంది. నిన్న పూర్ణా మార్కెట్ నుంచి పనసపొట్టు తెచ్చాను. ఆవ పెట్టి కూర చేసింది, నువ్వుంటే గిన్నె ఖాళీ అయ్యేదని పదే పదే అంది. ఉక్క అప్పుడే మొదలైపోయింది, సాయంత్రం బీచ్ రోడ్డుకి వెళ్తే తప్ప ఊపిరాడటం లేదు. అన్నయ్య పిల్లకి చెవులు కుట్టించారు, ఫొటోలు చూసే ఉంటావు. వాటి కింద నువ్వేమీ పెట్టలేదేంటని వదిన అడిగింది. ఆదివారం ఫోన్లు కూడా ఈమధ్య తగ్గాయి. ఆఫీసులో పని ఎక్కువగా ఉండి ఉంటుందిలే.

మన కారు సర్వీసింగ్‌కి ఇచ్చాను. ఉప్పుగాలికి అడుగున తుప్పు మొదలైందని మెకానిక్ చెప్తే కోటింగ్ వేయించాను. కార్ల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. బుజ్జిగాడు పెద్దత్తకి ఒక ఫొటో పంపాడు, పెద్దత్త దాన్ని ఫ్యామిలీ గ్రూపులో పెట్టేసింది. షోరూములో ఎర్ర కారు, కొన్నే తయారుచేసే లిమిటెడ్ ఎడిషన్‌ది, పక్కన నువ్వు నవ్వుతూ. చాన్నాళ్ళకి నువ్వలా నవ్వడం చూశాం, అమ్మ ఆ ఫొటో దాచుకుంది. నేనేమో ఫొటో పెద్దది చేసి, అద్దం మీద అంటించిన కాగితాలు చదివాను. నా సర్వీసంతా బ్యాంకు లోన్ల సెక్షన్‌లోనే గడిచింది కదా, చూపు ముందు అటే పోతుంది.

కాగితాలు రెండున్నాయి. మొదటిది కంపెనీది. 1958లో వచ్చిన చట్టం ప్రకారం మీ అమెరికాలో ప్రతి కొత్త కారు అద్దం మీదా ఉండి తీరాల్సినది. కారు ధర, అదనంగా పెట్టిన సామాన్ల ధర, రవాణా ఖర్చు వరసగా వేసి అడుగున మొత్తం కట్టాడు, 54 వేల చిల్లర డాలర్లు. దాని పక్కనే డీలరు సొంతంగా అచ్చేయించుకున్న చిన్న కాగితం. టైర్లలో నైట్రోజన్‌కి 199. తలుపు అంచులకి ప్లాస్టిక్ పట్టీలు 299. ఆ కింద లావు అక్షరాల్లో ‘మార్కెట్ అడ్జస్ట్‌మెంట్’, అంటే గిరాకీ ఉందని డీలరు పైన వేసుకునేది, 18,000 డాలర్లు. మనం పీల్చే గాలిలోనే నూటికి 78 వంతులు నైట్రోజన్ తల్లీ, దానికి 199 ఏమిటి? సరే, అది వదిలేద్దాం. 18,000 అంటే మన డబ్బుల్లో పదిహేను లక్షలకు పైమాటే. ఆ డబ్బుకి కారులో ఒక్క మర కూడా ఎక్కువ రాదు.

ముందే ఒక మాట చెప్తున్నాను. ‘ఆడపిల్లకి అంత స్పీడు బండి ఎందుకు’ అని పెద్దత్త గ్రూపులో రాసింది చూశావేమో. అది నా మాట కాదు, అమ్మ మాట కూడా కాదు. నీకు డ్రైవింగ్ నేర్పింది నేనే, రుషికొండ ఎక్కే దారిలో గేరు మార్చడం అన్నయ్య కంటే నువ్వే ముందు పట్టుకున్నావు. నీ సంపాదన, నీ ఇష్టం. ఆ కారే కొనుక్కో. నా గొడవంతా ఆ రెండో కాగితంతోనే.

నువ్వు అడగొచ్చు, కంపెనీ ఒక ధర వేశాక డీలరు ఇంకోటి ఎలా వేస్తాడని. మన దగ్గర ఎమ్మార్పీ దాటి అమ్మకూడదు అన్నట్టు అక్కడ లేదు. కంపెనీ వేసేది సూచించిన ధర మాత్రమే, డీలరు వేరే యజమాని, అతని ధర అతనిష్టం. కార్లలో పెట్టే ఎలక్ట్రానిక్ చిప్పుల కొరత రోజుల్లో, 2022లో, ఫోర్డ్ పెద్దాయన జిమ్ ఫార్లే తమ డీలర్లలో పదిశాతం దాకా ఇలా ఎక్కువకి అమ్ముతున్నారని తనే చెప్పాడు. అలా చేస్తే కార్ల కేటాయింపు తగ్గిస్తామని హెచ్చరించగలిగారు అంతే, ధర మాత్రం ఆపలేకపోయారు. వ్యాపారాల మోసాల మీద కన్నేసి ఉంచే మీ ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ డీలర్లని దారిలో పెట్టడానికి ఒక నియమం తెస్తే దాన్ని కూడా 2025 జనవరిలో కోర్టు కొట్టేసింది. కాబట్టి అక్కడ నీ డబ్బుకి కాపలా నువ్వే. జగదాంబ సెంటర్లో మొదటిరోజు బ్లాకు టికెట్టు కొంటే ఆ పై డబ్బు సినిమా తీసినవాడికి చేరదు చూడు, ఇదీ అంతే. ఆ కారు తయారుచేసిన ఇంజనీర్ల మీద నీకున్న అభిమానం ఆ 18 వేలతో వాళ్ళ దాకా వెళ్ళదు.

ఉండబట్టలేక లెక్క కూడా వేశాను. టెక్సాస్‌లో కారు మీద పన్ను 6.25 శాతం, అమ్మిన ధర మీద వేస్తారు, అంటే ఈ అడ్జస్ట్‌మెంట్ మీద కూడా 1,125 డాలర్లు. ఏడు శాతం వడ్డీకి ఆరేళ్ళ లోను అనుకో, ఈ ఒక్క ముక్కకే నెలకి 307 డాలర్లు కట్టాలి. ఆరేళ్ళకి 22 వేలు దాటుతుంది. లోను ఇచ్చేవాడు దీన్ని లెక్కలోకి తీసుకోనంటే మొత్తం చేతి నుంచే పెట్టాలి. ఇంటి డౌన్‌పేమెంట్‌కని దాస్తున్నావే, అందులోంచి తీశావా? తీసి ఉంటే చెప్పు, కోప్పడను.

ఆవకాయ పెట్టింది అమ్మ, ఈసారి కారం తక్కువ వేసింది నీ కడుపు మంట గుర్తుపెట్టుకుని. మాగాయ కూడా పంపుతాం. శారద గారి అమ్మాయి డల్లాస్ వస్తోందట, సామానులో చోటు ఉందన్నారు. పొడులు వేరే డబ్బాల్లో కట్టించాను, అటు ఇటు పోకుండా టేపు వేసి.

రాంబాబు మావయ్య కారు గుర్తుందా నీకు? నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు, పూర్తి సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. 2014లో ఒక పెద్ద కారు కోసం ఊరంతా ఎగబడింది. అందులో యానివర్సరీ ఎడిషన్ అని కొన్ని బళ్ళే వచ్చాయి. తలుపు మీద స్టిక్కరు, సీట్లకి ఎర్ర దారంతో కుట్లు, తేడా అంతవరకే. మావయ్యకి మామూలు బండి వద్దు, అదే కావాలి. షోరూములో ఒకతను వెనక గదిలోకి పిలిచి, లిస్టులో మీ పేరు పైకి తేవాలంటే లక్షన్నర ‘ఆన్’, అంటే ధర మీద పై డబ్బు, అవుతుందన్నాడు. క్యాష్, రసీదు ఉండదు. మావయ్య లోను కోసం నా దగ్గరికే వచ్చాడు. బావా, షోరూమువాళ్ళు ముందుగా రాసిచ్చే ప్రొఫార్మా ఇన్వాయిస్‌లో ఉన్న ధరకే బ్యాంకు లోను ఇస్తుంది, ఆ లక్షన్నర ఏ కాగితంలోనూ లేదు, నేనేం చెయ్యను అన్నాను. నాలుగు నెలలు ఆగమని కూడా చెప్పాను. వినలేదు. అత్తయ్య చంద్రహారం కుదువపెట్టి కట్టాడు. సంపత్ వినాయగర్ గుడి దగ్గర పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, అందరికీ మిఠాయి పంచాడు. నిజం చెప్పాలంటే ఆ రోజు మాకూ ముచ్చటేసింది, బండి అలా ఉంది.

అక్టోబర్ 12న హుద్‌హుద్. పొద్దున నుంచి గంటకి 170, 180 కిలోమీటర్ల గాలి, మధ్యాహ్నం కాసేపు ఒక్కసారిగా అంతా ఆగిపోయింది. అయిపోయిందనుకుని జనం బయటికొచ్చారు. తుపాను కన్ను మన మీదుగా పోతోందని ఎవరికి తెలుసు? మావయ్య కూడా బండి చూసుకోవడానికి దిగాడు, దాని మీద ఒక్క గీత కూడా పడలేదని అత్తయ్యకి పైకి కేకేసి చెప్పాడట. తర్వాత గాలి ఎదురు దిక్కు నుంచి మొదలైంది. వీధి చివర రావిచెట్టు వేళ్ళతో సహా లేచి బండి మధ్యలో పడింది. ఆ చెట్టు కొట్టి తీయడానికే వారం పట్టింది, కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాలు లేవు, కారు గురించి మాట్లాడే నాథుడు లేడు. చివరికి ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చాడు. బాగుచేసే ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద రాస్తారు, అలాగే రాశాడు. ఐడీవీ అంటే ఇన్సూరెన్స్ వాళ్ళు కట్టే కారు విలువ, ఎక్స్ షోరూమ్ ధరలోంచి తరుగు తీసినది. హైపోథికేషన్, అంటే కారు మీద తాకట్టు హక్కు, మా బ్యాంకుది కాబట్టి ఆ డబ్బు ముందు లోనుకి జమ అయింది, మిగిలిన కాస్తా మావయ్య చేతికొచ్చింది. లక్షన్నర సంగతి సర్వేయర్‌ని అడగడానికి ఆయన దగ్గర ఏముంది? కాగితమే లేదు. కారు తుక్కు కింద పోయాక కూడా ఆ హారం మీద వడ్డీ నెలనెలా కడుతూనే ఉన్నాడు. దాన్ని విడిపించేదాకా అత్తయ్య ఏ పెళ్ళికీ రాలేదు, ఒంట్లో బాగాలేదని చెప్పేది.

నీ దగ్గర కనీసం అంతా రసీదు మీదే ఉంటుంది, అది మేలే. కానీ అక్కడా ఇన్సూరెన్స్ ఇచ్చేది కారు పోయిన రోజున దాని విలువ ఎంతుంటే అంత, నువ్వెంత పెట్టి కొన్నావని కాదు. ఈలోగా ఆ కారు మీద మోజు తగ్గితే నీ 18 వేలకి ఎవరు పూచీ?

లిమిటెడ్ ఎడిషన్ కదా నాన్నా, విలువ పెరుగుతుంది అంటావు. కొన్నిటికి పెరుగుతుంది, కాదనను. అయితే ఎన్ని తయారుచెయ్యాలో కంపెనీ చేతిలో ఉంటుంది, నీ చేతిలో కాదు. మన మహీంద్రా వాళ్ళు బీఈ 6 అనే కారులో బ్యాట్‌మన్ ఎడిషన్ 300 అని మొదలుపెట్టి, గిరాకీ చూసి 999 చేశారు. 2025 ఆగస్టులో అవన్నీ 135 సెకన్లలో బుక్ అయిపోయాయి. అందరికీ ఒకటే ధర, 27.79 లక్షలు. అంత గిరాకీ ఉన్నా కంపెనీ ధరకే అమ్మారు చూడు. అదే కంపెనీ 2020లో కొత్త థార్ మొదటి బండిని వేలం వేస్తే 1.11 కోట్లు పలికింది, కానీ అది అందరి ముందూ జరిగిన వేలం, డబ్బు సేవా కార్యక్రమాలకి పోయింది. ఎక్కువ పెట్టడమే తప్పని నేననడం లేదు, ఎవరికి పోతోందో చూసుకోమంటున్నాను.

కొన్నాళ్ళు నడిపి లాభానికి అమ్మేస్తాననే ఆలోచన ఉంటే మాత్రం సంతకం పెట్టేముందు ప్రతి పేజీ చదువు. నువ్వూ అన్నయ్యా గోడకి పోస్టరు అంటించి సున్నం ఊడగొట్టారే, ఆ రెజ్లర్ జాన్ సీనా, ఫోర్డ్ జీటీ కారు కొన్నాడు. రెండేళ్ళు అమ్మనని రాసిచ్చి కొన్నాళ్ళకే అమ్మేస్తే 2017లో ఫోర్డ్ కోర్టుకెళ్ళింది, తర్వాత రాజీ కుదిరింది. కార్వెట్ జెడ్06 కారుకి అయితే 2022లో జనరల్ మోటార్స్, తొందరగా అమ్మేస్తే కొన్ని వారంటీలు రెండోసారి కొనుక్కున్నవాడికి రావని చెప్పింది. అలాంటి షరతు నీ కాగితాల్లో ఉందో లేదో చూశావా?

ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. ఆ ఒక్క డీలరు దగ్గరే ఆగిపోకు. ఊళ్ళకి దూరంగా ఉన్న చిన్న డీలర్లకి కూడా మెయిల్ పెట్టు, పక్క రాష్ట్రం అయినా సరే. పన్నులు, ఫీజులు అన్నీ కలిపి ‘ఔట్ ది డోర్’ ధర ఎంతో రాతపూర్వకంగా ఇమ్మను, నోటి మాట నమ్మకు. నెలకి ఎంత కడతారు అని అడిగితే జవాబు చెప్పకు, మొత్తం ధర దగ్గరే ఉండు. లోను ముందే మీ క్రెడిట్ యూనియన్‌లో, అదే మన సహకార బ్యాంకు లాంటిది, అందులో అప్రూవ్ చేయించుకుని వెళ్ళు. ‘ఇంకొకరు సాయంత్రం వస్తున్నారు’ అంటాడు, అననీ. ఒంటరిగా వెళ్ళకు, బుజ్జిగాణ్ణి తీసుకెళ్ళు, వాడు ఫొటోలు పంపితే పంపాడు గానీ పక్కన మనిషి ఉండాలి. ఖాళీ కడుపుతో అసలు వెళ్ళకు, షోరూముల్లో గంటలు గంటలు కూర్చోబెడతారు, నీకు ఆకలేస్తే చిరాకులో దేనికైనా సరే అనేస్తావు.

లెక్చర్ ఎక్కువైందని అమ్మ పక్క నుంచి అంటోంది. నిద్ర సరిగ్గా పోతున్నావా అని అడగమంటోంది. ఫొటోలో కళ్ళ కింద నలుపు కనిపించిందట తనకి. కళ్ళజోడు పవర్ చూపించుకున్నావా? ఈ మధ్య రాత్రిళ్ళు డ్రైవ్ చేస్తున్నావని కూడా బుజ్జిగాడు అన్నాడు, నిద్ర పట్టక తిరుగుతున్నావా, స్నేహితులతో వెళ్తున్నావా? ఏదైనా పర్వాలేదు, మాకు చెప్పు. మనసు బాగోకపోతే టికెట్ తీస్తాను, వారం ఉండి వెళ్దువు గాని.

బుజ్జిగాడు ఇంకో మాట కూడా అన్నాడు, నువ్వు ఆ కారుకి అడ్వాన్సుగా కొంత కట్టేశావని. కట్టి ఉంటే ఆ రసీదు ఫొటో తీసి నాకు ఈరోజే పంపు, గ్రూపులో కాదు, నాకు విడిగా. అడ్వాన్సు తిరిగిస్తామని అందులో రాసి ఉందా లేదా చూడాలి. ఎన్ని గంటలకైనా పంపు, నేను మెలకువగానే ఉంటాను.

నాన్న