విశాఖలో మా అమ్మకు మంచినీళ్లు మోసిన ఆవిడకు కృతజ్ఞతలు

మా అమ్మకు రేడియేషన్ చికిత్స నిన్నటితో పూర్తయింది. పార్వతీపురం చేరి సంచులైనా విప్పకుండా ఇది రాస్తున్నాను. కూర్చునే ఓపిక లేదు, కానీ ఈ మాట వాయిదా వేయడానికి మనసు ఒప్పుకోవడం లేదు.

రోజూ వచ్చి చికిత్స చేయించుకుని వెళ్లాలని ఆసుపత్రివారు చెప్పడంతో, జగదాంబ కూడలికి దగ్గరగా ఒక పాత హోటల్లో మూడో అంతస్తులో గది తీసుకున్నాము. ఎత్తైన కప్పు, సముద్రపు గాలి ధారాళంగా వచ్చే పెద్ద కిటికీలు అమ్మకు ఎంతో నచ్చాయి. అయితే ఉప్పుగాలికి బాల్కనీ పెచ్చులూడి తుప్పుపట్టిన ఇనుము బయటపడింది, లిఫ్టు తరచూ ఆగిపోయేది, స్నానాల గది కుళాయిలో వచ్చేది ఉప్పటి బోరు నీరు. రేడియేషన్‌కు కమిలి, సబ్బు సైతం ఓర్చుకోలేని చర్మానికి ఆ నీళ్లు తగిలితే మంటే.

ఈ సంగతి అమ్మ నాకు చెప్పలేదు. కొడుకుతో చెప్పుకోలేక, గదులు శుభ్రం చేసే ఆవిడతో చెప్పుకుంది. మరునాటి నుంచి ఆవిడ తన పనివేళకు ముందే వచ్చి, తెల్లవారుజామున మునిసిపల్ కుళాయి వచ్చే సమయానికి కింద రెండు బకెట్లు పట్టి, లిఫ్టు ఆగిన రోజుల్లో కూడా మెట్ల మీదుగా మోసుకొచ్చారు. నన్ను వరండాలో కూర్చోమని, తలుపు వేసి, తానే అమ్మకు స్నానం చేయించి, కమిలిన చోట రుద్దకుండా మెత్తని నూలు గుడ్డతో అద్దేవారు. లోపల ఇద్దరూ ఏవో ఊరి కబుర్లు చెప్పుకుంటుంటే, చాలాకాలం తర్వాత అమ్మ నవ్వడం విన్నాను. డబ్బు ఇవ్వబోతే, "నీళ్లకి డబ్బులేటి బాబూ" అని చెయ్యి వెనక్కు నెట్టేశారు. అన్నాళ్లూ ఆపుకున్న ఏడుపు అప్పుడు ఆగలేదు. పేరు రాస్తే యజమానులు ఏమంటారోనని ఆవిడ భయపడ్డారు కనుక రాయడం లేదు.

అక్క, బావగారు, నా భార్య చేసినదానికి వేరే చెప్పనక్కరలేదు.

ఒక్క బాధ మాత్రం చెప్పక తప్పదు. వారాల తరబడి రోజూ చికిత్సకు రమ్మన్నప్పుడు, దూరపు ఊళ్ల రోగులు తలదాచుకునే చవక బస గురించి ఎవరూ ఎందుకు ఆలోచించరు? రోజుకు వెయ్యి రూపాయల లోపు గదికి ఒకప్పుడు జీఎస్టీ ఉండేది కాదు. 2022 జూలై 18 నుంచి దానికీ 12 శాతం వేశారు, 2025 సెప్టెంబరులో 5 శాతానికి తగ్గించారు. విహారానికి వచ్చినవారికీ వైద్యానికి వచ్చినవారికీ ఒకటే పన్ను కావడం నాకు అన్యాయంగానే కనిపిస్తోంది. ఇక ఆ హోటల్ యాజమాన్యం అద్దె నిక్కచ్చిగా వసూలు చేసింది గానీ లిఫ్టు బాగుచేయించలేదు. ఆ నిర్లక్ష్యపు బరువును మోసింది ఆవిడ చేతులే.

యంత్రం పాడై చికిత్స ఆలస్యమైన రోజున, 12 గంటలకే ఖాళీ చేయమనకుండా సాయంత్రం వరకు ఉండనిచ్చిన కౌంటరు గుమస్తాగారికి ధన్యవాదాలు. గతుకులు తప్పించి నెమ్మదిగా తీసుకెళ్లిన ఆటో అన్నకు కూడా. అమ్మకోసం కారం లేని చట్నీ విడిగా ఉంచిన ఇడ్లీ బండి దంపతులను మరిచిపోయాను, వారికీ నమస్కారాలు. మందుల దుకాణం మూసే వేళకు మళ్లీ తెరిచి మందు ఇచ్చిన కుర్రవాడికీ.