తాత నాణెం అని చెప్పి మనవడిది పంపారు

కస్టమర్ కేర్ వారికి,

మీ హెల్ప్‌లైన్‌లో మాట్లాడిన అమ్మాయి తెలుగులోనే రాయమన్నారు, అందుకని ఇలా రాస్తున్నా. పోయిన నెల మీ దగ్గర 68,000 రూపాయలు పెట్టి ఒక బైజాంటైన్ (తూర్పు రోమన్) సామ్రాజ్యపు బంగారు నాణెం, హైపర్‌పైరాన్ కొన్నాను. చీటీ మీద "ఎనిమిదో మైకేల్, 1261-1282" అని, అంటే చక్రవర్తి పేరు, ఆయన కాలం ఉన్నాయి. పార్సెల్ విప్పి కిటికీ దగ్గర పెట్టి చూస్తే గుంటగా ఉన్న లోపలి వైపు మధ్యలో క్రీస్తు నిలబడి ఉన్నాడు, ఆయనకు అటొకరు ఇటొకరు చక్రవర్తులు మోకరిల్లి ఉన్నారు. ఇద్దరండీ! ఎనిమిదో మైకేల్ నాణెం మీద చక్రవర్తి ఒక్కడే ఉంటాడు, క్రీస్తు కూర్చుని ఉంటాడు, మోకాళ్ల మీదున్న చక్రవర్తిని వెనక నుంచి దేవదూత మైకేల్ పట్టుకుని ఉంటాడు.

నా దగ్గరికి వచ్చింది ఎనిమిదో మైకేల్ కొడుకు రెండో ఆండ్రోనికస్, ఆ ఆండ్రోనికస్ కొడుకు తొమ్మిదో మైకేల్ కలిసి వేయించిన నాణెం. పొరపాటు ఎక్కడ జరిగిందో కూడా నాకు అర్థమైంది. అంచున "మైకేల్" అనే పేరులో కొన్ని అక్షరాలు కనిపించాయి, అంతే, మీవాళ్లు పెద్దాయన పేరు రాసేశారు. తాత పేరు మనవడికి పెట్టడం మనకున్నట్టే వాళ్లకూ ఉంది, తొమ్మిదో మైకేల్ ఎనిమిదో మైకేల్‌కి స్వయానా మనవడు. తాత 1282లోనే పోయాడు.

ఇది కొనేముందే ఎందుకు చూసుకోలేదని అడుగుతారేమో. ఎలా చూడమంటారు? ఈ నాణేలు గిన్నెలా వంగి ఉంటాయి (మా అమ్మ చూసి "కుంకుమ భరిణె మూతలా ఉందేంట్రా" అంది). మీరు ఉబ్బెత్తు వైపు ఫోటో చక్కగా తీశారు, కాన్‌స్టాంటినోపుల్ కోటగోడల మధ్య చేతులెత్తి ప్రార్థించే మరియమ్మ స్పష్టంగా ఉంది. కానీ ఆ బొమ్మ తాత కాలంలోనూ ఉంది, కొడుకు కాలంలోనూ ఉంది, దాన్నిబట్టి ఏమీ తేలదు. తేల్చాల్సిన గుంట వైపు మాత్రం సగం చీకటి, సగం లైటు మెరుపు.

అచ్చు పక్కకి జరిగిందనో, అక్షరాలు పోయాయనో నేను గొడవ పెట్టుకోవడం లేదు. ఆ కాలపు హైపర్‌పైరాలు చాలావరకు అలాగే దొరుకుతాయి, అది తెలిసే కొన్నాను.

దీనికి మీ నుంచి వచ్చిన జవాబు: "గుర్తింపు అనేది నిపుణుల అభిప్రాయం, రెండూ ఒకే రకం బంగారు నాణేలు." ఒకే రకం కాదు సార్. ఆ రోజుల్లోనే బతికిన చరిత్రకారుడు పాకిమెరెస్ లెక్క రాసి పెట్టాడు, 24 పాళ్లలో ఎనిమిదో మైకేల్ వేసిన బంగారం 15 పాళ్లు, ఆండ్రోనికస్ దాన్ని ముందు 14కి దించాడు, తర్వాత 24లో సగానికి, అంటే 12కి తెచ్చాడు. పైగా తాత నాణేలు తక్కువ దొరుకుతాయి కాబట్టే వాటికి ఆ రేటు. మీ దగ్గరే ఇద్దరు చక్రవర్తుల నాణెం ఇంకొకటి సరైన పేరుతో 31,000కి అమ్మకానికి ఉంది, నా దాని పక్కన పెట్టి చూడండి, బొమ్మ అదే. ఇంత చిన్న పని చేయడానికి మీకు మూడు వారాలు, నాలుగు ఈమెయిళ్లు సరిపోలేదా?

సీలు తీస్తే గ్యారంటీ పోతుందన్నారు. తీయలేదు, నాణెం మీరిచ్చిన ప్లాస్టిక్ పెట్టెలోనే ఉంది, కావాలంటే ఫోటోలు మళ్లీ పంపుతాను. నాకు 68,000 పూర్తిగా వెనక్కి కావాలి, కొరియర్ ఖర్చు మీదే. 37,000 తగ్గించి ఇదే ఉంచుకోమంటే దానికీ సరే, నాణెం నిజంగా బాగుంది, కాకపోతే చీటీ మార్చి ఇవ్వాలి, రేపు నేను ఇంకొకరికి అమ్మితే అబద్ధం ఆడినవాణ్ని నేనవుతాను. కొరియర్ అబ్బాయిని పంపేటట్టయితే మంగళవారం తప్ప ఎప్పుడైనా పంపండి, ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
మీ కస్టమర్